ఆవును తోలుకుని వియన్నా దాకా

మా అత్తగారు ఎటెల్కా జన్మలో ఒక్కటే పెద్ద అబద్ధం ఆడారు. పంతొమ్మిదేళ్ళ వయసులో, పరాయి దేశంలో, చుట్టూ తుపాకులు పట్టుకున్నవాళ్ళు నిలబడి ఉండగా ఆడారు. ఆ అబద్ధం ఆవిడను బతికించింది, చేతికి ఒక పని నేర్పింది, ఈ దేశంలో ఇల్లు ఇప్పించింది, మొగుణ్ణి కూడా తెచ్చిపెట్టింది. నేను ఆ ఇంటి కోడల్ని కాబట్టి ఒకరకంగా నన్నూ అదే తెచ్చిపెట్టింది.

నేను ఈ మోషావ్‌కి, అంటే రైతులు సహకారంగా నడుపుకునే ఈ ఊరికి, వచ్చింది 1974లో. గలిలీ కొండల కింద అరవై ఇళ్ళు, ప్రతి ఇంటి వెనకా ఒక పశువుల కొట్టం. మావాళ్ళు మొరాకోలోని మెక్నెస్ నుంచి వచ్చినవాళ్ళు. జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు లేకుండా మా పుట్టింట్లో పొయ్యి వెలిగేది కాదు. పెళ్ళయిన మర్నాడు మధ్యాహ్నం అత్తగారు నా పళ్ళెంలో వెడల్పాటి సేమ్యా లాంటిది వడ్డించి, దాని మీద నూరిన గసగసాలు, చక్కెర చల్లారు. అది తిని, మంచినీళ్ళు తాగి, మర్యాదగానే అడిగాను.

“భోజనం ఎప్పుడు పెడతారత్తయ్యా?”

“ఇప్పుడు తిన్నావు చూడు, అదే.”

మా ఆయన అమ్నోన్ తల వంచుకున్నాడు. మామగారు మెండెల్ లేచి వెళ్ళి రేడియో గొంతు పెంచారు. అత్తగారు మాత్రం నన్ను ఎగాదిగా చూసి, “సరే పిల్లా, రేపు నువ్వు వండు. నా నోరు కాలిందంటే మాత్రం సాయంత్రం పాలు నువ్వే పితకాలి” అన్నారు.

మర్నాడు వండాను. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగానే రెండోసారి పెట్టించుకుని తిన్నారు. తిని బకెట్ తెచ్చి నా చేతికిచ్చారు. అప్పటికే మా కొట్టంలో పాలు పితికే యంత్రాలు వచ్చేశాయి. అయినా ఒక ఆవును మాత్రం ఆవిడ రోజూ చేత్తోనే పితికేవారు. ఎందుకని అడిగితే, “వేళ్ళు మర్చిపోకుండా” అనేవారు.

ఆవిడ కథ నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. మొత్తం ఒకచోట విన్నది 1988లో. ఏదో మ్యూజియం తరఫున ఎల్హనాన్ అనే ఒకాయన టేపు రికార్డరు పట్టుకుని ఊరూరా తిరుగుతూ, యుద్ధంలో వెట్టిచాకిరీ చేసి బతికి బయటపడ్డ వాళ్ళ చేత మాట్లాడిస్తున్నాడు. మంచి మనిషి, కానీ మొహంలో ఎప్పుడూ ఒక దుఃఖం తగిలించుకుని ఉంటాడు. మా వరండాలో కూర్చుని, మీట నొక్కి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఎటెల్కా గారూ, ఆకలి గురించి చెప్పండి.”

“ఆకలి ఎవరికైనా ఒకేలా ఉంటుంది నాయనా. అది నీకు పక్కింటివాళ్ళు కూడా చెప్తారు. నేను ఆవు గురించి చెప్తా” అన్నారు అత్తగారు. నన్ను కేకేసి, “పెర్లా, ఆయనకి ఇంకో కాఫీ ఇయ్యి, ఇది కాస్త పొడుగు కథ” అన్నారు.

ఆ కథ ఇది.

హంగేరీలో తీసా నది ఒడ్డున ఉన్న ఊరు వాళ్ళది. నాన్న ఇగ్నాట్స్ ఆడవాళ్ళ టోపీల దుకాణం నడిపేవాడు, తల్లి హెర్మినా వాటికి రిబ్బన్లూ ఈకలూ కుట్టేది. ఒక్కతే కూతురు ఎటెల్కా. సూది పట్టుకోవడం, మడత ఇస్త్రీ చెయ్యడం, వచ్చినవాళ్ళకి ఏ టోపీ పెట్టినా మహారాణిలా ఉన్నారని చెప్పడం నేర్చుకుంది. ఆవును దగ్గరగా చూసింది కూడా లేదు. పాలు అంటే సీసాలో వచ్చేవి.

1942లో హంగేరీ సైన్యం నాన్నను పట్టుకుపోయింది. వాళ్ళు యూదులు, యూదుల చేతికి తుపాకి ఇవ్వరు. పార ఇచ్చి, చేతికి పసుపు పట్టీ కట్టి, సైన్యం వెనకాల గోతులు తవ్వడానికి ఉక్రెయిన్ పంపారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1944 జూన్‌లో, ఊళ్ళో మిగిలిన యూదులందరినీ చక్కెర ఫ్యాక్టరీలోకి తోలారు. అక్కడినుంచి రెండు రైళ్ళు కదిలాయి. ఒకటి పోలండ్ వెళ్ళింది. అందులో ఎక్కినవాళ్ళలో దాదాపు ఎవరూ తిరిగి రాలేదు. రెండోది ఆస్ట్రియా వెళ్ళింది. ఎవర్ని ఏ రైలు ఎక్కించారో, ఎందుకు ఎక్కించారో ఎవరికీ తెలియదు. తల్లీ కూతుళ్ళు రెండోది ఎక్కారు.

“ఎలా ఎక్కారు?” అని ఎల్హనాన్ అడిగాడు.

“మెట్లు లేవు. మా అమ్మ నన్ను వెనకనుంచి తోసింది” అన్నారు అత్తగారు.

ఆస్ట్రియాలో స్ట్రాస్‌హోఫ్ అనే చోట దింపారు. పెద్ద మైదానం, చుట్టూ కంచె. యుద్ధానికి మగవాళ్ళు పోయి పొలాలు పడావు పడ్డాయి కాబట్టి చుట్టుపక్కల రైతులూ ఫ్యాక్టరీల వాళ్ళూ వచ్చి, పనికి మనుషుల్ని ఎంచుకుపోతున్నారు. కండలు నొక్కి చూస్తున్నారు, నాలుక చాపమంటున్నారు. తల్లీ కూతుళ్ళ వరసలోకి ఒక పెద్దాయన కుంటుకుంటూ వచ్చాడు. పేరు పోల్డీ. ఒక విధవరాలి ఎస్టేటులో మేస్త్రీ. వరస ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి చూసి, జర్మనులో అడిగాడు.

“ఇందులో ఆవులు పితకడం వచ్చినవాళ్ళెవరు?”

ఎవరూ కదల్లేదు. అందరూ పట్నం వాళ్ళు. వకీళ్ళ భార్యలు, పియానో టీచర్లు. ఎటెల్కా చెయ్యి ఎత్తింది.

తల్లి పళ్ళ బిగువున హంగేరియనులో గొణిగింది. “నీకేమన్నా పిచ్చా? నువ్వు పిల్లిని చూస్తేనే పక్కకి జరుగుతావు.”

“ఆవు పిల్లి కాదమ్మా.”

“ఎన్ని ఆవులు పితికావు?” అన్నాడు పోల్డీ.

“మా తాతగారికి పన్నెండు” అంది ఎటెల్కా. తాతగారు గడియారాలు బాగు చేసేవాడు. “మా అమ్మ లేకుండా మాత్రం రాను. ఆవిడ వెన్న తీస్తుంది.”

హెర్మినా ఆ రోజుదాకా వెన్నను కత్తితో రొట్టె మీద రాయడమే తప్ప తీసింది లేదు. అయినా నిటారుగా నిలబడి, ఎన్నో ఏళ్ళ అనుభవం ఉన్నట్టు తలూపింది. ఇద్దర్నీ బండెక్కించాడు.

ఎస్టేటు వియన్నాకి నలభై కిలోమీటర్ల దూరంలో ఉంది. తల్లిని చక్కెరదుంపల పొలంలోకి పంపారు. వెన్న సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. కూతురిని కొట్టంలోకి తీసుకుపోయాడు పోల్డీ. ఇరవై రెండు ఆవులు. మొదటిదాని పేరు లీస్ల్. గోధుమరంగు, నుదుటి మీద తెల్లమచ్చ, అత్తగారిలా చూసే కళ్ళు.

“‘అత్తగారిలా’ అని నేనన్నది టేపులో ఉంచు, మా కోడలు వినాలి” అన్నారు మా అత్తగారు.

ఎటెల్కా ముక్కాలిపీట తీసుకెళ్ళి ఆవుకి ఎడమపక్కన వేసుకుని కూర్చుంది. కుడిపక్క కూర్చోవాలని ఎవరు చెప్తారు? రెండు చన్నులు పట్టుకుని, ట్విస్టు దారం లాగినట్టు లాగింది. లీస్ల్ ఒకసారి వెనక్కి తిరిగి చూసి కాలు విసిరింది. బకెట్ ఒకవైపు, పీట ఒకవైపు, ఎటెల్కా పేడలో.

పోల్డీ గుమ్మంలో నిలబడి పైపు వెలిగించుకున్నాడు.

“ఏమైంది?”

“మీ ఆవుకి అలవాటు తప్పు. మా హంగేరీలో ఎడమవైపు కూర్చునే పితుకుతాం” అంది పేడలోంచి లేవకుండానే.

ముసలాయన పైపు నోట్లోంచి తీశాడు. “ఆ మాట ఇక్కడ అన్నావు సరే, బయట అనకు” అన్నాడు. “ఈ రోజుల్లో ఎడమవైపు వాళ్ళని జైల్లో వేస్తున్నారు.”

అంతమాటే అని వెళ్ళిపోయాడు. ఆ పిల్లకి ఏమీ రాదని ఆయనకి అప్పుడే తెలిసిపోయిందని ఎటెల్కాకి తర్వాత అర్థమైంది. ఆమెను తిరిగి పంపించి వేరేవాళ్ళని తెచ్చుకోవచ్చు. అలా చెయ్యలేదు. మర్నాడు పొద్దున కొట్టంలోకి ఇంకో పనిపిల్లను పంపాడు.

ఆ పిల్ల మోత్రియా. ఖార్కివ్ దగ్గర పల్లెటూరు. జర్మన్లు ఆమెను కూడా ఎత్తుకొచ్చి పనిలో పెట్టారు. ఎటెల్కా బట్టల మీద యూదులకి పెట్టే పసుపు నక్షత్రం, మోత్రియా రొమ్ము మీద తూర్పు దేశాల కూలీలకి పెట్టే నీలం గుడ్డముక్క. ఇరవై ఏళ్ళుంటాయి, చేతులు రోకళ్ళలా ఉండేవి. ఇద్దరికీ కలిసొచ్చే భాష లేదు. పది జర్మను మాటలు, మిగతాది సైగలు. మోత్రియా ఎటెల్కా వేళ్ళు పట్టుకుని తిప్పి చూసి, పకపకా నవ్వింది.

“వేళ్ళా ఇవి? కొవ్వొత్తులు.”

“టోపీలు కుట్టే వేళ్ళు.”

“ఆవు టోపీ పెట్టుకోదు తల్లీ. ఇటు రా. నుదురు ఆనించు. ఊఁ, దాని డొక్కకి. ముందు పొదుగు కడుగు, చేత్తో తట్టు. తొందరపడకు. అది చేపేదాకా కూనిరాగం తియ్యి.”

“ఏ పాట?”

“దానికి సంగీతం రాదులే, ఏదైనా సరే.”

టోపీల దుకాణంలో గ్రామఫోను మీద విన్న పాటొకటి ఎటెల్కా సన్నగా అందుకుంది. కొంతసేపటికి ఆవు ఒళ్ళు వదులైంది, పొదుగులోకి పాలు దిగాయి, మొదటి ధార బకెట్లో చప్పుడు చేసింది. ఎటెల్కా ఏడ్చేసింది. ఆ రైలెక్కిన తర్వాత ఆవిడ ఏడవడం అదే మొదటిసారట. మోత్రియా ఆ ఏడుపు చూసి, తనే ఒక చన్ను పట్టుకుని పక్కకి తిప్పి, సూటిగా ఆమె నోట్లోకి గుమ్మపాలు కొట్టింది. “ఏడ్చేటప్పుడు నోరు తెరుస్తావు కదా, ఊరికే పోనియ్యకూడదు” అంది.

నెల తిరిగేసరికి ఎటెల్కాకి పన్నెండు ఆవులు ఒప్పజెప్పారు. వేళ్ళు వాచి, చర్మం లేచి, మళ్ళీ కొత్త చర్మం వచ్చింది. గడ్డిలో ఒక రేకు చెంబు దాచేవాళ్ళు. సాయంత్రం దుంపల పొలంనుంచి వచ్చే తల్లి, కొట్టం వెనక గోడ దగ్గర చెప్పు సరిచేసుకుంటున్నట్టు ఒంగి, గుటుక్కున తాగేసి పోయేది. మూతి మీద పాల మీసం ఉందో లేదో చూడటం మోత్రియా పని. ఒకసారి పోల్డీ ఎదురుపడి హెర్మినా మొహం చూశాడు. “అమ్మగారూ, మంచు కురిసినట్టుంది” అని తన జేబురుమాలు ఇచ్చి వెళ్ళాడు. అది ఆగస్టు.

ఒకరోజు గడ్డి వేస్తూ ఎటెల్కా అడిగింది. “మీ ఊరి మీదుగా చేతికి పసుపు పట్టీ కట్టుకున్నవాళ్ళు పోయారా ఎప్పుడైనా? పారలు పట్టుకుని? హంగేరీ వాళ్ళు?”

మోత్రియా పని ఆపింది. “పోయారు. నన్ను ఎత్తుకురాక ముందు, ఎండాకాలం. చాలామంది. పక్కన కావలివాళ్ళు. మా అమ్మ ఉడకబెట్టిన బంగాళాదుంపలు కంచె మీదనుంచి విసిరింది. ఒక్కటి కింద పడలేదు. అందరూ గాల్లోనే పట్టుకున్నారు.”

ఈ ముక్క చెప్పి మా అత్తగారు టేపు వైపు తిరిగారు. “అందులో ఒకటి మా నాన్న పట్టుకున్నాడని ఆ రోజు నేను నిర్ణయించుకున్నా” అన్నారు. “కాదని చెప్పడానికి ఎవరున్నారు? ఆయన దుకాణంలో రిబ్బను చుట్టలు గాల్లోకి ఎగరేసి పట్టుకునేవాడు. చెయ్యి తప్పేది కాదు.”

నవంబరులో పై నుంచి మనుషులొచ్చారు. వియన్నాలో బాంబులు పడి వీధులు పూడిపోతున్నాయి, శిథిలాలు ఎత్తడానికి యూదులందరూ కావాలి. పొలాల్లో పనిచేస్తున్న వాళ్ళనందరినీ ట్రక్కు ఎక్కించారు. ఎటెల్కా కూడా ఎక్కబోయింది. పోల్డీ కర్ర అడ్డం పెట్టాడు.

“ఇది పాలు పితికేది. ఇది పోతే మీ ఆసుపత్రులకి పాలు ఎవరు పంపుతారు?”

ఆఫీసరు ఒప్పుకున్నాడు. ఎటెల్కా ట్రక్కు చెక్క పట్టుకుని వదల్లేదు. పైనుంచి తల్లి ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది.

“ఎటూ, నా ఎటెల్కా, దిగు. ఇక్కడ నీకు తిండి ఉంది. నేను నీ పాలు తాగి బలిసిపోయా, ఇటుకలు మొయ్యగలను. దిగవే.”

ఇదే నేను అంతకుముందు ఎప్పుడూ వినని ముక్క. పద్నాలుగేళ్ళలో ఆవిడ మాకు పేడ గురించి చెప్పారు, పాల మీసం గురించి చెప్పారు, ట్రక్కు గురించి చెప్పలేదు. నేను కాఫీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే ఉండిపోయాను. “నా అబద్ధం నన్ను అక్కడ ఆపేసింది” అన్నారు అత్తగారు. “ఆ చలికాలమంతా ప్రతి ఆవు డొక్కకీ నుదురు ఆనించి అదే అనుకున్నా. వియన్నా మీదకి విమానాలు పోతుంటే లెక్కపెట్టేదాన్ని కాదు. పాడేదాన్ని, అంతే.”

ఏప్రిల్ మొదట్లో రష్యన్లు వచ్చారు. విధవరాలు అప్పటికే సామాను సర్దుకుని పడమటికి పారిపోయింది. ఫిరంగుల మోతకి సగం ఆవులు తాళ్ళు తెంపుకుని పోయాయి, మిగతావాటిని సైన్యం కోసుకు తింది. అడవి పక్కన ఉన్న పాత కొట్టంలో మోత్రియా, ఎటెల్కా లీస్ల్‌ని దాచిపెట్టి, తామూ అక్కడే దాక్కున్నారు. పదిరోజులకి వియన్నాలో యుద్ధం అయిపోయిందని కబురు వచ్చింది. ఎటెల్కా తల్లిని వెతకడానికి బయల్దేరింది.

“నడిచి పోతావా? ఒక్కదానివేనా?” అంది మోత్రియా. “నేనూ వస్తా. లీస్ల్ కూడా వస్తుంది.”

“ఆవు ఎందుకు?”

“దీన్ని ఇక్కడ వదిలితే రేపటికి పులుసు అయిపోతుంది. పైగా దీని వెంట ఉంటే దారిలో మనకి రెండు పూటలా తిండి.”

పోల్డీ పలుపు తాడు తెచ్చి ఇచ్చాడు. “తీసుకుపొండి. ఎవరైనా అడిగితే నేను చూడలేదు” అన్నాడు. ఎటెల్కా ఆయనకి చెయ్యి ఇచ్చింది. ఆయన ఆ అరచెయ్యి తిప్పి చూసి, “ఇప్పుడు నిజంగానే పాలు పితికేదానివి అయ్యావు” అన్నాడు.

మోత్రియా ఇంకో జాగ్రత్త చేసింది. సైనికుల కంట పడకుండా ఉండాలని, ఇద్దరి మొహాలకీ జుట్టుకీ పేడ పట్టించింది. అలా ముగ్గురూ రోడ్డెక్కారు. రెండు రోజుల్లో పోవాల్సిన దారి నాలుగు రోజులు పట్టింది. వసంతం కదా, రోడ్డు పక్కన లేతగడ్డి మొలిచింది. కాలిపోయిన ట్యాంకుల మధ్య నుంచి కూడా లీస్ల్ తీరిగ్గా మేసుకుంటూ పోయేది. ఎంత లాగినా ముందుకి అడుగు వేసేది కాదు. పొద్దునా సాయంత్రం ఎక్కడున్నా ఆగి పితకాల్సిందే. ఆ పాలకి దారిలో రొట్టె, ఉల్లిపాయలు, ఒకసారి ఒక జత బూట్లు వచ్చాయి. బూట్లు రెండూ ఎడమకాలివే.

మూడో రోజు ఒక రష్యన్ సైనికుడు అడ్డగించాడు. వెనకాల అతని పటాలం వంట చేసుకుంటోంది.

“ఆవును ఇటు తోలండి. నలభై మందిమి. మాంసం తిని వారమైంది.”

మోత్రియా నడుం మీద చేతులు పెట్టుకుంది. అతని భాషే ఆమెది కూడా దాదాపు. “మీ అమ్మకి ఆవు ఉందా?”

“ఉండేది.”

“పాలిచ్చే ఆవును మీ అమ్మ ఎదురుగా కోస్తావా? కొయ్యి, చూస్తా. మీ అమ్మకి ఉత్తరం నేనే రాస్తా. నీ పేరు చెప్పు, ఊరు చెప్పు.”

సైనికుడు తత్తరపడ్డాడు. ఇరవై ఏళ్ళు కూడా ఉండవేమో. తుపాకి భుజానికి తగిలించి, ఆవు దగ్గరకి వచ్చి, దాని మెడ కింద గోకాడు. తర్వాత కుడిపక్క గొంతుకూర్చుని, తన ఇనప టోపీ కింద పెట్టి పితకడం మొదలుపెట్టాడు. బ్రహ్మాండంగా పితికాడట. టోపీ నిండింది. వంట దగ్గరివాళ్ళు లేచి వచ్చి వరస కట్టారు. లీస్ల్ ఆ పూట రష్యా సైన్యానికి చేపినట్టు మాకెప్పుడూ చేపలేదు అనేవారు అత్తగారు. పోయేటప్పుడు ఆ సైనికుడు ఒక పెద్ద రొట్టె ఇచ్చి, “ఇంకో రెండు కిలోమీటర్లు మా వాళ్ళే ఉన్నారు. ఎవరైనా ఆపితే ఉత్తరం సంగతి చెప్పు” అన్నాడు.

వియన్నాలో ఎటెల్కాకి తెలిసింది ఒకటే, హంగేరీ యూదుల్ని బడి భవనాల్లో ఉంచేవారని. ఒక బడి, రెండో బడి, మూడో బడి. నాలుగో బడి గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది.

“హెర్మినా ఉందా ఇక్కడ? టోపీలు కుట్టే హెర్మినా?”

“ఆవును లోపలికి తేకూడదు” అంది ఆవిడ.

“తేను. హెర్మినా ఉందా?”

అప్పుడు రెండో అంతస్తు కిటికీ తెరుచుకుంది. బక్కచిక్కిన ఒక ముసలామె బయటికి ఒంగింది. తల్లికి నలభై నాలుగేళ్ళు. ఆర్నెల్లలో ముసలామె అయిపోయింది. పైనుంచి హెర్మినా కాసేపు కూతుర్ని, పేడ మొహాన్ని, పక్కనున్న రోకళ్ళ చేతుల పిల్లను, తెల్లమచ్చ ఆవును చూసింది.

“ఎటూ, ఆ ఆవు ఎవరిది?”

“మనదే అమ్మా.”

“మనదా. అయితే జుట్టు కడుక్కో ముందు, నలుగురూ చూస్తున్నారు” అని తల్లి కిటికీలోంచి మాయమై, మెట్లమీద పరిగెత్తుకుంటూ వచ్చింది. రెండు కాళ్ళకీ గుడ్డలు చుట్టి ఉన్నాయట. ఆ పేడతోనే కూతుర్ని పట్టుకుని ఎంతసేపు నిలబడిందో ఎటెల్కాకి తెలియదు. లీస్ల్ ఈలోగా బడి తోటలో గులాబీ మొక్కలన్నీ తినేసింది.

మూడు వారాలు ఆ బడిలో డెబ్భై మందికి లీస్ల్ పాలే దిక్కు. చంటిపిల్లలకి చెంబు, పెద్దవాళ్ళకి చెంచాలు. తర్వాత మోత్రియాను వాళ్ళ దేశం పంపడానికి రష్యన్లు లెక్క రాసుకుపోయారు. పోయే ముందు ముగ్గురాడవాళ్ళూ కలిసి ఆవును ఒక ఆసుపత్రిలో సన్యాసినులకి అప్పగించారు. మోత్రియా ఆవు చెవిలో ఏదో చెప్పింది. ఎటెల్కాకి చెప్పిందేమిటంటే, “నీ పాట మార్చు. లీస్ల్‌కి అది నచ్చలేదు, మొహమాటానికి చేపింది.”

తల్లీ కూతుళ్ళు హంగేరీలో తమ ఇంటికి తిరిగి వస్తే ఇంట్లో వేరేవాళ్ళున్నారు, ఒక గది మాత్రం ఖాళీ చేసి ఇచ్చారు. ఇగ్నాట్స్ రాలేదు. స్టేషనుకి రోజూ పోయేవాళ్ళు. 1946లో ఆయనతో పాటు గోతులు తవ్విన ఒకాయన వచ్చి, 43 జనవరిలో మంచులో పోయాడని చెప్పాడు. హెర్మినా ఆ పొద్దు ఒక నల్ల టోపీ కుట్టింది, పెట్టుకుంది, ఏడాది తీయలేదు.

మళ్ళీ తెరుచుకున్న టోపీల దుకాణాన్ని 1949లో సర్కారు తీసేసుకుంది. “నా టోపీలు ఎవరు పెట్టుకోవాలో ఇప్పుడు మంత్రి చెప్తాడా? నేనుండను” అంది హెర్మినా. ఇద్దరూ దొంగదారిన సరిహద్దు దాటి, మళ్ళీ వియన్నా మీదుగా ఇటలీ, అక్కడినుంచి ఓడలో హైఫా చేరారు. వియన్నాలో రైలు మారేందుకు మూడు గంటలుంటే తల్లీ కూతుళ్ళు ఆసుపత్రికి పరిగెత్తారు. లీస్ల్ ఉంది. దూడ కూడా ఉంది. ఎటెల్కాను చూసి గుర్తుపట్టలేదు.

“కొంచెం కూడా?” అన్నాడు ఎల్హనాన్, ఆశగా.

“ఒక్క పిసరు కూడా. ఆవు అది. దానికి గడ్డి గుర్తుంటుంది.”

హైఫా రేవులో బల్ల వెనక కూర్చున్న గుమాస్తా పేరు, ఊరు రాసుకుని, “ఏం పని వచ్చు?” అన్నాడు.

“పాలు పితకడం” అంది ఎటెల్కా.

ఆయన కలం ఆపి తలెత్తాడు. “నిజంగానా? ఈ వారం దిగిన హంగేరీ ఆడవాళ్ళందరూ జుట్టు కత్తిరించేవాళ్ళే. ఈ దేశంలో అంత జుట్టు లేదమ్మా.”

అలా మా మోషావ్‌కి పంపారు. అప్పుడు ఇవి ఇళ్ళు కావు, రేకుల షెడ్లు. కొట్టం చూసే అతను మెండెల్, ట్రాన్సిల్వేనియా నుంచి వచ్చాడు. హంగేరియను వచ్చు గానీ మాట్లాడడు. ఎటెల్కా వెళ్ళిన మొదటిరోజు ఆమెకి అన్నిటికన్నా పొగరుబోతు ఆవును చూపించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె కూర్చుంది, కడిగింది, నుదురు ఆనించింది, అదే పాట తీసింది. బకెట్ నిండాక మెండెల్ నోరు విప్పాడు.

“ఆ పాట మా అమ్మ పాడేది. తప్పు పాడుతున్నావు.”

“సరిగ్గా నువ్వు పాడు.”

ఆయన పాడాడు. మామగారు పాడటం నా పెళ్ళిలో కూడా విన్లేదు నేను, కాబట్టి నమ్మడం కష్టమే. వరండా మూలనుంచి ఆయనే, టేపు వైపు చూడకుండా, “పాడాను” అన్నారు. ఎనిమిది నెలల్లో పెళ్ళయింది. పెళ్ళికూతురి టోపీ హెర్మినా కుట్టింది. ఆవిడ తర్వాత పదిహేడేళ్ళు బతికి, మోషావ్‌లో పొలాలకి పోయే ప్రతివాళ్ళ తలకీ ఒక గడ్డిటోపీ కుట్టిపెట్టింది. రిబ్బను లేకుండా ఒక్కటి ఇవ్వలేదు. ట్రాక్టరు తోలేవాళ్ళు కూడా రిబ్బన్లతోనే తిరిగారు.

ఎల్హనాన్ చివరికి కాగితం చూసి ఒక ప్రశ్న అడిగాడు. “మీ అనుభవం నుంచి నేటి యువతకి ఏం చెప్తారు?”

“ఏమిటి చెప్పేది? అడిగితే చెయ్యి ఎత్తమను. తర్వాత సంగతి తర్వాత” అన్నారు అత్తగారు. ఆయన మీట నొక్కి ఆపేశాడు. ఆ రోజు ఆయన మా ఇంట్లోనే భోజనం చేశాడు. నేను వండిన చేప, ఆవిడ చేసిన గసగసాల సేమ్యా రెండూ బల్ల మీద పెట్టాం. ఆయన సేమ్యా మళ్ళీ అడిగాడు. నేనే వడ్డించాను.

మోత్రియాకి అత్తగారు యాభై ఏళ్ళలో ఎన్ని ఉత్తరాలు రాశారో నాకు తెలియదు. జవాబు రాలేదు. తొంభైల్లో ఉక్రెయిన్ నుంచి జనం ఓడలకి ఓడలు, విమానాలకి విమానాలు దిగారు. మా పక్క పట్నంలో కొత్త ఇళ్ళు కట్టారు. ఆవిడ బస్సెక్కి పోయి, సంచీలో నా చేతి ఊరగాయలూ తన జున్నూ పట్టుకుని, కనబడ్డ వాళ్ళనల్లా అడిగేవారు. “ఖార్కివ్ దగ్గర పల్లె. మోత్రియా. చేతులు లావుగా ఉంటాయి.”

“పెద్దమ్మా, అది దేశం, మీ మోషావ్ కాదు” అన్నది ఒకావిడ, వచ్చీరాని ఇక్కడి భాషలో. పేరు క్లావ్దియా, బడిలో లెక్కల టీచరుగా పనిచేసి వచ్చింది. మోత్రియా ఆవిడకి తెలియదు. కానీ ఆ జున్ను తిని, ఇది ఉప్పు తక్కువ, మేం ఇలా చెయ్యం అంది. అత్తగారు మొహం ముడుచుకుని, “అయితే గురువారం మా ఇంటికొచ్చి చేసి చూపించు” అన్నారు.

క్లావ్దియా వచ్చింది. ఆ తర్వాత ప్రతి గురువారం వచ్చింది. వంటింట్లో వాళ్ళిద్దరూ ఒకరి భాష ఒకరికి రాకుండా గంటలకొద్దీ దెబ్బలాడుకునేవారు. అప్పుడప్పుడు నన్ను పిలిచి తీర్పు చెప్పమనేవారు. నేను ఉప్పూ చాల్లేదు, మిరపకాయలూ పడలేదు అనేదాన్ని. అప్పుడు ఇద్దరూ ఒకటై నన్ను బయటికి తోసేవారు.